మన ఫోను ఎవరి తరఫు సాక్షి?

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక కునుకు పట్టే వేళ ఇంతమంది వచ్చి కూర్చున్నారు, సంతోషం.

అటెస్టేషన్ అనే మాట వింటే మీ అమ్మానాన్నల వయసు వాళ్లకి గుర్తొచ్చేది ఒకటే. గెజిటెడ్ ఆఫీసరు. మార్కుల లిస్టు జిరాక్సు తీయించుకుని, ఒరిజినల్ జాగ్రత్తగా కవర్లో పెట్టుకుని, ఏ ఆఫీసరు సంతకం పెడతాడా అని ఊరంతా తిరిగేవాళ్లం. నేను డిగ్రీ సీటు కోసం ఒక ప్రిన్సిపాల్ గారి ఇంటి అరుగు మీద రెండు గంటలు కూర్చున్నాను. ఆయన పూజ ముగించుకుని వచ్చి, ఆకుపచ్చ సిరా పెన్నుతో ఆరు కాగితాల మీద చకచకా గీసి, ముద్ర కొట్టి ఇచ్చేశారు. నేనెవరో ఆయనకి తెలీదు. ఒరిజినల్ వంక చూడను కూడా చూడలేదు. అయినా ఆ పచ్చ గీత లేకపోతే నా మార్కులు నావి కావు. 2014లో కేంద్ర ప్రభుత్వం సెల్ఫ్ అటెస్టేషన్‌ను ప్రోత్సహించింది. నా కాగితం మీద నేనే సంతకం పెడితే చాలు, అబద్ధమైతే శిక్ష నాకే. పౌరుణ్ణి ముందు నమ్మడం అంటే అది. ఆ మార్పు నాకు చాలా గౌరవంగా అనిపించింది.

ఆ పచ్చ సిరా ఇప్పుడు మన ఫోన్లలోకి వచ్చింది. దాన్ని డివైస్ అటెస్టేషన్ అంటున్నారు. సంతకం పెట్టేది ప్రిన్సిపాల్ గారు కాదు, ఫోను చేసిన కంపెనీ, ఆపరేటింగ్ సిస్టమ్ చేసిన కంపెనీ. మన గురించి, మనకి తెలియకుండా, మన చేతిలో ఉన్న వస్తువే సాక్ష్యం చెబుతుంది.

మా ఇంట్లో జరిగింది చెబుతాను.

2019లో అమ్మకీ నాన్నకీ ఒకే మోడల్ ఫోన్లు రెండు కొన్నాం. కంపెనీ వాటికి 2021లో అప్‌డేట్లు ఆపేసింది. ఫోన్లు మాత్రం బాగానే ఉన్నాయి. నాన్నగారి ఫోనుకి బ్యాటరీ మార్పించి, లీనియేజ్ ఓఎస్ వేశాను. అది ఉచితంగా దొరికే ఆండ్రాయిడ్, ఎవరైనా సోర్స్ కోడ్ చూడొచ్చు. భద్రతా లోపాల్ని పూడ్చే ఆ నెల సెక్యూరిటీ ప్యాచ్‌తో సహా వచ్చింది. అక్షరాలు పెద్దవి చేసి, తెలుగు కీబోర్డు పెట్టి ఇచ్చాను. నాన్న రిటైరైన టీచరు. ఫోను కొత్తదానిలా పరిగెడుతోందని నాలుగు రోజులు అందరికీ చూపించుకున్నారు.

ఐదో రోజు బీపీ మాత్రల కోసం మందుల షాపుకి వెళ్లారు. డబ్బు కట్టడానికి బ్యాంకు యాప్ తెరిస్తే తెల్లటి స్క్రీన్ మీద ఎర్ర త్రికోణం. ఈ పరికరం సురక్షితం కాదు, యాప్ మూసివేయబడుతుంది అని రెండు ముక్కలు. కింద ఒకటే బటన్, ఓకే. నొక్కితే యాప్ పోతుంది. ఎందుకు కాదో లేదు, ఎవరిని అడగాలో లేదు. ఆయన మూడుసార్లు తెరిచారట. వెనక జనం నిలబడ్డారు. నాకు ఫోన్ చేసి, గొంతు తగ్గించి, "ఒరే, నా అకౌంట్ ఏమైనా ఆపేశారంటావా? పెన్షన్ పడిందో లేదో చూడు" అన్నారు. ఆ టెన్షన్ ఇంకా నా చెవుల్లో ఉంది. షాపాయన పుణ్యమా అని, "తర్వాత ఇద్దురుగానీ మాస్టారూ, మందులు పట్టుకెళ్లండి" అన్నాడు.

ఆ సాయంత్రం అమ్మ ఫోనులో అదే యాప్ తెరిచాను. అదే మోడల్. 2021 నుంచి ఒక్క ప్యాచ్ కూడా పడని ఫోను. ఈ మధ్యలో బయటపడిన ఆండ్రాయిడ్ లోపాలెన్నో అందులో అలాగే ఉన్నాయి. యాప్ చక్కగా తెరుచుకుంది, నమస్తే అంది.

ఈ రెండు ఫోన్లనీ పక్కపక్కన పెట్టి చూస్తే విషయమంతా అందులోనే ఉంది. ప్యాచ్ పడిన ఫోను పనికిరాదు, పడని ఫోను పనికొస్తుంది. అయితే ఆ పరీక్ష భద్రత గురించి కాదన్నమాట. ఈ ఫోనులో ఉన్నది ఎవరి ముద్ర పడిన సాఫ్ట్‌వేరు అన్నదే పరీక్ష.

లోపల జరిగేది కొంచెం దగ్గరగా చూద్దాం. ఫోను చిప్‌లో ఒక మూలగది లాంటి భాగం ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్ కూడా అందులోకి తొంగి చూడలేదు. ఫ్యాక్టరీలోనే అందులో ఒక రహస్య తాళంచెవి పెడతారు. ఫోను లేచేటప్పుడు బూట్‌లోడర్, అంటే ఏ సిస్టమ్ లోడ్ కావాలో చూసే చిన్న ప్రోగ్రాం, తాళం వేసి ఉందా తీసి ఉందా, లోడ్ అయిన సిస్టమ్ మీద ఎవరి సంతకం ఉంది అన్నది ఆ మూలగది రాసి పెట్టుకుంటుంది. తర్వాత ఏ యాప్ అయినా అడిగితే ఆ రాతని రహస్య తాళంచెవితో సంతకం చేసి ఇస్తుంది. ఆ సంతకానికి పై సంతకం, దానికి ఇంకో పై సంతకం, అలా పోయి పోయి చివర అన్నిటికీ మూలమైన గూగుల్ రూట్ సర్టిఫికెట్ దగ్గర ఆగుతుంది. గూగుల్ దాన్ని చూసి యాప్ వాళ్లకి తీర్పు చెబుతుంది. ముందు దీన్ని సేఫ్టీనెట్ అనేవారు, ఇప్పుడు ప్లే ఇంటెగ్రిటీ అంటున్నారు. తీర్పులు మూడు మెట్లు: బేసిక్, డివైస్, స్ట్రాంగ్. న్యాయంగా ఒక మాట చెప్పాలి. 2025 మే నుంచి, ఆండ్రాయిడ్ 13, ఆపైన ఉన్న ఫోన్లకి స్ట్రాంగ్ రావాలంటే గత ఏడాది లోపల సెక్యూరిటీ అప్‌డేట్ పడి ఉండాలన్నారు. మంచిదే. కానీ అంతకన్నా పాత ఆండ్రాయిడ్లకి ఆ షరతు లేదు. మా అమ్మ ఫోను నెగ్గింది అందుకే.

ఫోను నాది, డబ్బు పెట్టి కొన్నాను, చిప్ నాది, అందులో ఉన్న తాళంచెవి మాత్రం నాది కాదు. నాకు వ్యతిరేకంగా వాడటానికే అది అక్కడ ఉంది. మీలో ఎవరో అడగబోతున్నారు, లీనియేజ్ వేస్తే బూట్‌లోడర్ తెరిచి ఉంటుంది కదా, ఫోను దొంగ చేతిలో పడితే ప్రమాదమే కదా అని. నిజమే, నేను కాదనను. కానీ గ్రాఫీన్ ఓఎస్ సంగతి చూడండి. అదీ లీనియేజ్ లాంటి ఆండ్రాయిడే, గూగుల్ పిక్సెల్ ఫోన్లలో నడుస్తుంది, వేశాక బూట్‌లోడర్‌కి మళ్లీ తాళం వేసేస్తారు, భద్రతలో మామూలు ఆండ్రాయిడ్ కన్నా గట్టిది. అయినా ప్లే ఇంటెగ్రిటీలో డివైస్ మెట్టు ఎక్కనివ్వరు, గూగుల్ ఆమోదించిన జాబితాలో లేదు కాబట్టి. పైగా గ్రాఫీన్ వాళ్లు యాప్‌ల వాళ్లకి ఏళ్ల తరబడి చెబుతున్నారు, ఆండ్రాయిడ్‌లోనే మామూలు హార్డ్‌వేర్ అటెస్టేషన్ ఉంది, మా తాళంచెవుల్ని కూడా మీ నమ్మకం జాబితాలో చేర్చుకోవచ్చు అని. కొద్దిమంది చేర్చుకున్నారు. ఎక్కువమంది గూగుల్ తీర్పునే అడుగుతున్నారు, అది సులువు కాబట్టి.

ఇది యాప్‌ల వరకూ ఉన్న సంగతి. నన్ను ఇక్కడిదాకా రప్పించింది వెబ్.

మీరు పుట్టే నాటికి, అంటే 2000ల మధ్యలో, ఇంటర్నెట్‌లో తెలుగు చదవడం ఒక సాహసం. తెలుగు పత్రికల సైట్లు ఒక్కొక్కటి తమ సొంత ఫాంటు వాడేవి. అన్ని కంప్యూటర్లకీ ఒకేలా అర్థమయ్యే యూనికోడ్ కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు అతికించిన ఫాంట్లు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తెరిస్తే సరిగ్గా కనబడేవి, ఇంకో బ్రౌజర్‌లో తెరిస్తే పిచ్చిరాతలు. వెతికితే దొరకవు, కాపీ చేస్తే చెత్త వస్తుంది. అప్పుడు ఒక తెలుగు ప్రోగ్రామర్ ఫైర్‌ఫాక్స్‌కి పద్మ అనే పొడిగింపు, అంటే బ్రౌజర్‌కి అతికించుకునే చిన్న ప్రోగ్రాం, రాశాడు. సైటు పంపిన పిచ్చిరాతని మన బ్రౌజర్ లోపలే పట్టుకుని, యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపించేది. మొదటిసారి అది పెట్టుకుని, విండోస్‌కి బదులు ఉచితంగా దొరికే లైనక్స్‌లో తెలుగు పేపరు చదివిన రోజు నాకు బాగా గుర్తుంది. గజిబిజి గుర్తులన్నీ ఒక్క క్షణం ఆగి, గుణింతాలతో, ఒత్తులతో అక్షరాలయ్యాయి. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు ఆఫీసు కంప్యూటర్లలో సొంతూరి వార్తలు అలా చదువుకున్నారు. లేఖిని కూడా అంతే. ఒక వెబ్‌పేజీ, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చేది. ఎన్నో తెలుగు బ్లాగులు దాని చలవే.

ఇప్పుడు ఆలోచించండి. పద్మ చేసిన పనేమిటి? సైటు పంపిన పేజీని, సైటు వాళ్లని అడక్కుండా, చదివేవాడి కోసం మార్చేయడం. ఆ రోజున ఏ సైటుకీ మీ బ్రౌజర్‌లో ఏముందో నిరూపించమని అడిగే దారి లేదు. అడిగినా బ్రౌజర్ అబద్ధం చెప్పేది. ఈ మాట తేలిగ్గా అనడం లేదు, మీ క్రోమ్ ఇవాళ్టికీ ఏ సైటుకి వెళ్లినా తన పేరు మొజిల్లా/5.0 అని, ఇంకో పాత బ్రౌజర్ పేరుతో, మొదలుపెట్టి చెబుతుంది. ఒకప్పుడు సైట్లు తమకి తెలిసిన బ్రౌజర్‌కే మంచి పేజీ ఇచ్చి మిగతావాటిని గెంటేసేవి. కొత్తగా వచ్చిన బ్రౌజర్లు చాలావరకు పాతవాటి పేరు చెప్పుకుని లోపలికి వెళ్లాయి. క్రోమ్ కూడా ఆ అబద్ధంతోనే లోపలికి వచ్చింది. వెబ్ ప్రమాణాల భాషలో బ్రౌజర్‌ని యూజర్ ఏజెంట్ అంటారు. మన తరఫు మనిషి. వకాల్తా పుచ్చుకున్న ప్లీడరు కోర్టులో మన రహస్యాలు ఎదుటి పార్టీకి చెప్పేస్తే ఆయన్ని ఏమంటాం?

2023లో సరిగ్గా అదే జరగబోయింది. గూగుల్ ఇంజినీర్లు నలుగురు వెబ్ ఎన్విరాన్‌మెంట్ ఇంటెగ్రిటీ అనే ప్రతిపాదన రాశారు. మీరొక సైటు తెరుస్తారు. నీ కింద ఉన్న ఫోను, సిస్టమ్ అసలైనవేనా అని సైటు బ్రౌజర్‌ని అడుగుతుంది. బ్రౌజర్ వెళ్లి మూడో మనిషిని, అంటే ఆండ్రాయిడ్‌లో అయితే గూగుల్ ప్లేని, అడిగి సంతకం చేసిన టోకెన్ తెస్తుంది. అది చూసి సైటు మిమ్మల్ని రానిస్తుంది. వాళ్లు రాసిన మొదటి కారణాల్లోనే ప్రకటనల సంగతి ఉంది. ప్రకటన చూస్తున్నది మనిషే, రోబో కాదు అని ప్రకటనదారులకి నమ్మకం కావాలట. పొడిగింపుల్ని, దివ్యాంగుల సాఫ్ట్‌వేర్లని ఆపడం తమ ఉద్దేశం కాదని కూడా రాశారు. ఆ ఇంజినీర్ల మనసుని నేను శంకించను. కానీ తలుపుకి తాళం బిగించాక అది ఎవరికి వేయాలో నిర్ణయించేది బిగించినవాడు కాదు, తాళంచెవుల గుత్తి చేతిలో ఉన్నవాడు.

జులైలో ఆ కాగితం జనం కంట పడింది. క్రోమ్ మూల ప్రాజెక్టులో కోడ్ కూడా చేరడం మొదలైంది. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా మేము వ్యతిరేకం అని రాతపూర్వకంగా చెప్పింది. బ్రేవ్, వివాల్డీ బ్రౌజర్ల కంపెనీలు మేమూ ఒప్పుకోమన్నాయి. మామూలు డెవలపర్లు వందల్లో అభ్యంతరాలు రాశారు. నవంబరు మొదటి వారానికి గూగుల్ వెనక్కి తీసుకుంది. ఆండ్రాయిడ్ యాప్‌ల లోపల తెరుచుకునే వెబ్ పేజీల్లో మీడియా కోసం ఒక చిన్న రూపం మాత్రం ఉంచుకుంటామంది. నాలుగు నెలల్లో అంత పెద్ద కంపెనీ ఆగింది, అభ్యంతరం చెప్పిన మనుషుల వల్ల. మీలో ఒక్కరు కూడా మనం చెబితే ఎవరు వింటారు అనుకోకూడదని ఇది చెబుతున్నాను.

అది ఆగిందే గానీ ఆ ఆలోచన ఆగలేదు. యాపిల్ 2022లోనే ఐఓఎస్ 16తో ప్రైవేట్ యాక్సెస్ టోకెన్లు తెచ్చింది. ట్రాఫిక్ లైట్లు గుర్తుపట్టు, బస్సులు గుర్తుపట్టు అనే క్యాప్చాలు తప్పుతాయన్నారు. టోకెన్ ఇచ్చే తీరులో మనిషి ఎవరో తెలియకుండా జాగ్రత్త పడ్డారు, అది ఒప్పుకోవాలి. అయినా యాపిల్ పరికరం ఉన్నవాడు సులువుగా వెళ్లిపోతాడు, పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ వేసుకున్న డిగ్రీ పిల్ల బస్సులు లెక్కపెడుతూ కూర్చుంటుంది.

(సభలో ఒక విద్యార్థిని ప్రశ్న: "సార్, మోసాలు ఇన్ని పెరిగాయి కదా. బ్యాంకులు జాగ్రత్త పడకపోతే ఎలా?")

మంచి ప్రశ్న అమ్మా, కూర్చో. మోసపోయినవాళ్ల బాధ నాకు తెలుసు, నా దగ్గరి బంధువుల్లోనే ఉన్నారు. కాబట్టి మోసం ఎలా జరుగుతోందో చూద్దాం. డిజిటల్ అరెస్టు అంటున్నారు, ప్రధానమంత్రి 2024 అక్టోబరులో మన్ కీ బాత్‌లో కూడా ప్రస్తావించారు. పోలీసు డ్రెస్సులో వీడియో కాల్ చేసి భయపెడతారు. బాధితుడు తన ఫోనులోనే, తన సిమ్‌తోనే, తన పిన్ తన వేళ్లతో నొక్కి డబ్బు పంపేస్తాడు. ఆ ఫోను అసలు సిసలైనది, మూడు మెట్లూ ఎక్కుతుంది. మోసగాడిది కూడా షాపులో కొన్న మామూలు ఫోనే. ఇద్దరి ఫోన్ల మీదా పచ్చ సంతకం ఉంది. అటెస్టేషన్ అక్కడ ఏం పట్టుకుంది? యూపీఐ పెట్టుకున్నప్పుడు మన సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ పోతుంది, ఫోనూ నంబరూ ముడి పడతాయి, ఆపైన పిన్ ఉంది. ఆ తాళాలు ఉండాలి. కొత్త మనిషికి మొదటిసారి పెద్ద మొత్తం పంపుతుంటే ఆపి అడగాలి, డబ్బు అక్కడే కొన్ని గంటలు నిలపాలి. వాటికి ఖర్చూ శ్రమా అవుతాయి. ఎర్ర త్రికోణం చూపించడానికి మాత్రం నాలుగు వరుసల కోడ్ చాలు. దొరికిన సులువైన పని చేసి భద్రత అంటున్నారు. మా నాన్న మందుల డబ్బు ఆపారు, దొంగని ఆపలేదు.

భద్రత పేరుతో ఒక దేశం మొత్తం ఇరుక్కున్న కథ ఉంది. దక్షిణ కొరియా. 1990ల చివర వాళ్లు ఆన్‌లైన్ లావాదేవీలకి సీడ్ అనే సొంత గుప్తలేఖన (ఎన్‌క్రిప్షన్) పద్ధతి చేసుకున్నారు. బ్రౌజర్లలో అది లేదు కాబట్టి యాక్టివ్‌ఎక్స్ ప్లగిన్లతో, అంటే బ్రౌజర్‌కి తగిలించే ప్రోగ్రాములతో, నడిపారు. యాక్టివ్‌ఎక్స్ అంటే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరే. బ్యాంకు పని, షాపింగ్, పన్నులు, అన్నిటికీ అదే బ్రౌజర్, దాని మీద ప్రభుత్వ గుర్తింపు సర్టిఫికెట్. ప్రపంచంలోనే వేగమైన ఇంటర్నెట్ ఉన్న దేశంలో జనానికి ఇంకో బ్రౌజర్ వాడుకునే స్వేచ్ఛ లేదు. పైగా ఏ ప్లగిన్ అడిగినా ఎస్ నొక్కడం అలవాటైపోయింది, అంతకన్నా ప్రమాదం ఇంకేముంటుంది? ఆ సర్టిఫికెట్ల ప్రత్యేక హోదా చట్టం నుంచి పోయేసరికి 2020 డిసెంబరు వచ్చింది. ఇరవై ఏళ్లు. ఒక తాళం బిగించడానికి ఒక జీవో చాలు, విప్పడానికి ఒక తరం పడుతుంది.

మన దగ్గర అడ్డుకున్న అనుభవం ఉంది. 2015లో ఫేస్‌బుక్ వాళ్ల ఫ్రీ బేసిక్స్ వచ్చినప్పుడు హైదరాబాద్‌లో స్వేచ్ఛ లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్ సంఘాల పిల్లలు కాలేజీ కాలేజీకీ తిరిగి చెప్పారు. కొన్ని సైట్లే ఉచితం అంటే మిగతా ఇంటర్నెట్‌కి గోడ కట్టడమే అని. 2016 ఫిబ్రవరి 8న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ అలాంటి వివక్ష రేట్లని నిషేధించింది. మొన్న 2025 నవంబరు చివర్లో, పోయిన ఫోన్లు, మోసపు కాల్స్ గురించి ఫిర్యాదు చేసే ప్రభుత్వ సంచార్ సాథీ యాప్‌ని ప్రతి కొత్త ఫోనులో ముందే పెట్టాలని టెలికాం శాఖ ఆదేశించింది. గొడవ జరిగింది, డిసెంబరు 3న వెనక్కి తీసుకున్నారు. ఆ యాప్ మంచిదా చెడ్డదా అన్నది వేరే సంగతి. నా ఫోనులో ఏముండాలో నన్ను అడగకుండా రాసేయకూడదు అన్న మాట జనం నోట వచ్చింది, అది నాకు ముఖ్యం.

ఇంకొకటి మీ ముందుంది. ఆండ్రాయిడ్ యాప్ ఏదైనా, ప్లే స్టోర్ బయట పంచుకునేదైనా, దాన్ని రాసినవాళ్లు గూగుల్ దగ్గర గుర్తింపు నమోదు చేసుకోవాలని 2025 ఆగస్టులో ప్రకటించారు. 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయిలాండ్, 2027 నుంచి మిగతా దేశాలు. ఫ్రీ సాఫ్ట్‌వేర్ యాప్‌లు పంచే ఎఫ్-డ్రాయిడ్ స్టోర్ వాళ్లు గట్టిగా అభ్యంతరం చెప్పాక, తెలిసినవాళ్లు దాటి వెళ్లడానికి ఒక దారి ఉంచుతామని గూగుల్ నవంబరులో అంది. ఆ దారి ఎంత ఇరుకో చూస్తూ ఉండాలి. మీ ఊరి రైతుల కోసం మీరు ఒక చిన్న తెలుగు యాప్ రాసి వాట్సాప్‌లో పంపుకునే హక్కు ఆ దారి మీద ఆధారపడి ఉంది.

మీరు చేయగలిగిన పని మీ చేతి దగ్గరే ఉంది. ఇక్కడున్నవాళ్లలో సగంమంది రేపు యాప్‌లు రాసే ఉద్యోగాల్లో చేరతారు. ప్లే ఇంటెగ్రిటీ పెట్టేద్దామా అని మీటింగులో ఎవరో అడుగుతారు. అప్పుడు మీరు ఇది ఏ మోసాన్ని ఆపుతుంది అని ఒక్క ప్రశ్న అడగండి. తప్పదంటే, తీర్పు రాని ఫోనుని గెంటేయకుండా ఇంకో ఓటీపీయో, లావాదేవీకి తక్కువ పరిమితో పెట్టమనండి. వెబ్‌సైటు తీసేసి యాప్ ఒక్కటే ఉంచుదాం అంటే ఒప్పుకోకండి. ఖాతాదారులుగా బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, నంబరు తీసుకోండి. నేను మా నాన్న తరఫున పెట్టాను. మొదటి జవాబు, దయచేసి సురక్షితమైన పరికరం వాడండి అని వచ్చింది. రెండు ఫోన్ల ప్యాచ్ తేదీలూ ఫోటో తీసి జతచేసి మళ్లీ పంపాను. ఈసారి ఒక మనిషి ఫోన్ చేశాడు. మీరు చెప్పింది పైవాళ్లకి పంపుతాను సార్ అన్నాడు. ఇంకా ఏమీ మారలేదు. నాన్న ప్రస్తుతం బ్యాంకు వెబ్‌సైటులో పని కానిస్తున్నారు, షాపులో నోట్లు ఇస్తున్నారు.

రేపు ఉదయం పది గంటలకి కింద రెండో ల్యాబ్‌లో కూర్చుంటాం. అప్‌డేట్లు ఆగిపోయిన పాత ఫోన్లు ఇంట్లో ఉంటే తెచ్చుకోండి, లీనియేజ్ వేయడం చూపిస్తాను. అన్ని మోడళ్లకీ కుదరదు, కంపెనీ బూట్‌లోడర్ తెరవనివ్వాలి, అది ముందు చూద్దాం. అమ్మ గ్యాస్ బుకింగ్‌కీ బ్యాంకుకీ వాడే ఫోను మాత్రం తేవద్దు. డేటా కూడా పంపగలిగే మంచి యూఎస్‌బీ కేబుల్ తెండి, ఛార్జింగ్‌కే పనికొచ్చేవి వద్దు. బూట్‌లోడర్ తెరవగానే ఫోనులో ఉన్నదంతా చెరిగిపోతుంది. ఫోటోలు ఈ రాత్రే కాపీ చేసి పెట్టుకోండి.